నోరు విప్పకపోతే ఉరే: 1690 చట్టం, మ్యాగీ డిక్సన్, ఇసోబెల్ వాకర్

పాత స్కాట్లాండ్ కోర్టులు, ఆడవాళ్లు అనగానే అందరూ మంత్రగత్తెల కేసుల మీదకి వెళ్లిపోతారు. అది తప్పేం కాదు, 1563లో వచ్చిన చట్టం 1736 దాకా నడిచింది, ఆ మధ్యలో రికార్డుల్లో లెక్క తేలిన నిందితులే 3,800 దాకా ఉన్నారు, అందులో ఎక్కువ మంది ఆడవాళ్లే. కానీ 1700 దాటాక మంత్రగత్తెల కేసులు సన్నగిల్లిపోయాయి, అప్పుడు ఒక మామూలు పనమ్మాయి ఉరికొయ్య దాకా వెళ్లడానికి ఇంకో దారి తెరిచి ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, ఎందుకంటే అందులో దెయ్యాలూ లేవు, అర్ధరాత్రి పూజలూ లేవు. కడుపుతో ఉన్న సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయిన ఒక ఆడమనిషి, చనిపోయిన ఒక పసిబిడ్డ, అంతే.

1690లో స్కాట్లాండ్ పార్లమెంట్ పసిబిడ్డల హత్యల మీద ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఒక ఆడమనిషి కడుపుతో ఉన్న కాలమంతా ఆ విషయం దాచిపెట్టి, పురుడు వచ్చినప్పుడు సాయం కోసం ఎవర్నీ పిలవకుండా ఉండి, ఆ తర్వాత బిడ్డ చనిపోయి దొరికినా, అసలు కనపడకుండా పోయినా సరే, ఆమే చంపినట్టు లెక్క. శిక్ష ఉరి. బిడ్డ ప్రాణంతో పుట్టిందా, పుట్టి పోయిందా, ఎవరైనా చెయ్యి వేశారా, ఇవేవీ ప్రాసిక్యూషన్ నిరూపించక్కర్లేదు. ఒంటి మీద దెబ్బ ఉండక్కర్లేదు, ఆఖరికి శవం కూడా అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 1624 నుంచి ఇలాంటి చట్టమే ఉంది, స్కాట్లాండ్ వాళ్లు ఆ దారిలోనే వెళ్లారు గానీ సొంతంగా రాసుకున్నారు.

ఈ చట్టాన్ని కాస్త దగ్గరగా చూస్తే విచిత్రం ఏంటంటే, మామూలు హత్య కేసులో కోర్టు అడిగేది నువ్వేం చేశావని, ఇక్కడ అడిగేది నువ్వు ఎవరికి చెప్పావని. చట్టంలో "కాలమంతా" అన్న మాట ఉంది కాబట్టి ఆ తొమ్మిది నెలల్లో ఏదో ఒక రోజు ఏదో ఒక్క మనిషికి "నాకు నెల తప్పింది" అని అన్నట్టు తేలితే చాలు, ఈ చట్టం కింద కేసు నిలబడదు. అనకపోతే మాత్రం చట్టం దృష్టిలో హంతకురాలే. అంటే ఒక మనిషి ప్రాణం ఆమె ఎవరి చెవిలోనైనా వేసిన ఒక్క ముక్క మీద ఆధారపడి ఉంది, ఆ ముక్క అనడానికి ఆ సమాజంలో ఎంత ధైర్యం కావాలో అన్నది వేరే సంగతి, అసలు కథంతా ఆ వేరే సంగతిలోనే ఉంది.

ఎందుకు చెప్పరు అంటే ముందు ఆ ఊళ్లలో చర్చి ఎలా పనిచేసేదో తెలియాలి. ప్రతి పారిష్‌కి, అంటే ఒక చర్చి కింద ఉండే ప్రాంతానికి, ఒక కర్క్ సెషన్ ఉండేది, పాస్టరూ, ఊళ్లో పెద్దమనుషులూ కలిసి కూర్చునే పంచాయితీ లాంటిది. పెళ్లి కాకుండా సంబంధం పెట్టుకున్నారని తెలిస్తే ఆ ఇద్దర్నీ పిలిపించి విచారించి, ఆదివారం ప్రార్థనకి ఊరంతా వచ్చినప్పుడు అందరి ముందూ పశ్చాత్తాప పీట ఎక్కించేవాళ్లు. ఒకసారితో అయిపోదు, వరసగా ఆదివారాలు. పెళ్లయినవాళ్లు వేరేవాళ్లతో దొరికితే అది ఇంకా పెద్ద తప్పు, ఆదివారాలు ఇంకా పెరుగుతాయి, గోనెగుడ్డ కట్టుకుని నిలబడాలి. పైగా జరిమానా. కాగితం మీద మగవాడికీ శిక్ష ఉంది, కాదనలేం, కానీ మగవాడు "నేను కాదు" అని ఒట్టేసి తప్పుకోవచ్చు, ఊరు వదిలి పోవచ్చు, సైన్యంలో చేరిపోవచ్చు. పెరుగుతున్న కడుపుతో ఆడపిల్ల ఎక్కడికి పోతుంది?

ఇంకోటి, ఉద్యోగం. ఈ కేసుల్లో ఇరుక్కున్నవాళ్లలో చాలా మంది పాలేరు పనో, ఇంటి పనో చేసుకునే అమ్మాయిలు. పనికి కుదుర్చుకోవడం ఆరు నెలలకోసారి, మే నెలలో ఒకసారి, నవంబర్లో ఒకసారి. ఒక పారిష్ నుంచి ఇంకో పారిష్‌కి పనికి వెళ్లాలంటే ఉన్న చోటి పాస్టర్ దగ్గర నడవడిక బాగుందని సర్టిఫికెట్ తీసుకెళ్లాలి. పేరు పోయిందంటే ఆ కాగితం రాదు, కాగితం లేకపోతే పని దొరకదు, కడుపుతో ఉన్న పనిమనిషిని యజమానురాలు ఇంట్లో ఎలాగూ ఉంచుకోదు. కాబట్టి నోరు మూసుకోవడం సిగ్గు వల్ల మాత్రమే కాదు, తిండికోసం కూడా. చాలా మంది లెక్క ఏంటంటే ఈ ఆరు నెలల జీతం చేతికొచ్చేదాకా ఎలాగోలా నెట్టుకొస్తే తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చు అని, అందులో హత్య ఆలోచన ఉండాల్సిన అవసరమే లేదు.

ఊళ్లో ఎక్కడైనా వాగులోనో, గడ్డివాములోనో పసిబిడ్డ శవం దొరికిందనుకోండి, అప్పుడు జరిగేది ఇంకా ఘోరం. కర్క్ సెషన్ మంత్రసానుల్ని పిలిపించి ఆ చుట్టుపక్కల పెళ్లి కాని ఆడవాళ్లందరి రొమ్ములూ పిండించి పాలు వస్తున్నాయా లేదా అని పరీక్ష చేయించేది. అనుమానం ఒకరి మీద ఉన్నా పరీక్ష అందరికీ. చేసేవాళ్లూ ఆడవాళ్లే, రోజూ బావి దగ్గర కనపడే పక్కింటివాళ్లే. పాలు వచ్చిన అమ్మాయిని పట్టుకెళ్లి మేజిస్ట్రేట్‌కో, జిల్లా జడ్జి లాంటి షెరిఫ్‌కో అప్పగిస్తారు, అక్కడి నుంచి చర్చి విషయం కాస్తా క్రిమినల్ కేసు అయిపోతుంది.

ఇక్కడ మ్యాగీ డిక్సన్ సంగతి చెప్పుకోవాలి. ఎడిన్‌బరో పక్కనే సముద్రం ఒడ్డున ఉన్న మసల్‌బరో ఆమెది, చేపలమ్ముకునే జనం ఎక్కువగా ఉండే ఊరు. పెళ్లయింది, కానీ భర్త దగ్గర లేడు. ఆమె దక్షిణంగా ఇంగ్లండ్ సరిహద్దు వైపు వెళ్లి కెల్సో దగ్గర ఒక సత్రంలో పనికి కుదిరింది, అక్కడ కడుపొచ్చింది, ఎవరికీ చెప్పలేదు, బిడ్డ దక్కలేదు, శవం ట్వీడ్ నది ఒడ్డున దొరికింది. 1690 చట్టం కింద ఎడిన్‌బరోలో విచారణ జరిగి 1724 సెప్టెంబర్ 2న గ్రాస్‌మార్కెట్లో జనం అందరి ముందూ ఉరి తీశారు. బంధువులు శవాన్ని పెట్టెలో పెట్టి బండి మీద సొంతూరికి తీసుకెళ్తూ దారిలో పెఫర్‌మిల్ దగ్గర గొంతు తడుపుకోవడానికి ఆగారు, ఆ టైంలో పెట్టె లోంచి చప్పుడు వచ్చింది, మూత తీస్తే మనిషి బతికే ఉంది. శిక్ష ఒకసారి అమలైపోయింది కాబట్టి మళ్లీ ఉరి తీయడం కుదరదని వదిలేశారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు బతికింది, "సగం ఉరిపడ్డ మ్యాగీ" అని పేరు పడిపోయింది, గ్రాస్‌మార్కెట్లో ఇప్పటికీ ఆమె పేరుతో ఒక పబ్ ఉంది.

టూరిస్టులకి ఈ కథ చెప్పేటప్పుడు పెట్టె మూత దగ్గర నుంచి మొదలుపెడతారు, ఉరిశిక్ష తీర్పుల్లో "చచ్చేదాకా" అన్న మాట ఈమె వల్లే చేర్చారని ఒక ముక్క అతికిస్తారు (ఆ మాట అంతకుముందు నుంచే ఉంది, అదంతా పబ్ కబుర్లు). ఆమె చావు నుంచి లేవడం వింతే, కానీ ఆమెని అసలు ఉరికొయ్య ఎక్కించిన చట్టం అంతకన్నా వింత. ఇంకో విషయం, ఈమె పెళ్లయిన మనిషి. చట్టం పెళ్లి కానివాళ్లని మాత్రమే పట్టుకునేదని అనుకుంటారు గానీ స్కాట్లాండ్ చట్టం మాటల్లో అలాంటి గీత లేదు, భర్త ఊళ్లో లేనప్పుడు కడుపొస్తే ఆమె పరిస్థితీ అదే.

సరే, కోర్టులోకి వద్దాం. పెద్ద నేరాలన్నీ 1672లో ఏర్పడ్డ హైకోర్ట్ ఆఫ్ జస్టీషియరీ చూసేది, ఎడిన్‌బరోలో కూర్చునేది, ఆ జడ్జీలే సర్క్యూట్ మీద డంఫ్రీస్, పర్త్, అబర్డీన్ లాంటి ఊళ్లకీ తిరిగేవాళ్లు. అప్పటి ఇంగ్లండ్‌తో పోలిస్తే కొన్ని విషయాల్లో స్కాట్లాండ్ కోర్టులు నిజంగానే మెరుగు, ఇది ఒప్పుకోవాలి. నిందితుల తరఫున లాయర్ వాదించే హక్కు అక్కడ 1587 నుంచే చట్టంలో ఉంది, ఇంగ్లండ్‌లో పెద్ద నేరాల కేసుల్లో ఆ హక్కు పూర్తిగా రావడానికి 1836 దాకా పట్టింది. డబ్బుల్లేనివాళ్లకి కోర్టే లాయర్లని పెట్టేది. 1701లో ఇంకో చట్టం వచ్చింది, జైల్లో ఉన్నవాళ్లు నన్ను విచారించండి లేదా వదిలేయండి అని అర్జీ పెట్టుకుంటే 60 రోజుల్లో విచారణ తేదీ ఖాయం చేయాలి, ఆ తర్వాత 40 రోజుల్లో కేసు తేల్చాలి. వినడానికి చాలా బావుంది. కానీ ఆ అర్జీ రాయించడానికి ఒక మనిషి కావాలి, టాల్‌బూత్ జైల్లో ఉన్నన్నాళ్లూ తిండికి డబ్బులు కావాలి, ఏడాదికి కొద్దిపాటి జీతం తీసుకునే పనిమనిషి ఇవన్నీ ఎక్కడినుంచి తెస్తుంది.

విచారణలో నిందితురాలు సాక్షిగా బోనెక్కి మాట్లాడటానికి లేదు. ఆమె మాట కోర్టులో వినపడేది ఒకే ఒక్క రూపంలో, పట్టుకున్న రోజుల్లో మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన డిక్లరేషన్. దాన్ని గుమాస్తా రాస్తాడు, ఆమెకి రాయడం రాకపోతే ఆ విషయం కింద రాసి మేజిస్ట్రేటే సంతకం పెడతాడు, తర్వాత దాన్ని జూరీకి చదివి వినిపిస్తారు. పురుడయ్యి కొద్ది రోజులైనా కాకుండా, ఒంట్లో ఓపిక లేకుండా, లాయర్ పక్కన లేకుండా ఇచ్చిన వాంగ్మూలం అది. "ఎవరికైనా చెప్పావా" అని అడిగితే "లేదు" అంటుంది, నిజం కాబట్టి. అది ఒప్పుకోలు అని ఆమెకి ఆ క్షణంలో తెలియకపోవచ్చు కూడా, చంపానని ఒప్పుకుంటేనే కదా నేరం ఒప్పుకున్నట్టు అని ఎవరైనా అనుకుంటారు.

ఇంకో మెలిక సాక్షుల దగ్గర. స్కాట్లాండ్ పాత నియమం ప్రకారం ఆడవాళ్ల సాక్ష్యం మామూలుగా చెల్లదు, ఆస్తి తగాదాలోనో దొమ్మీ కేసులోనో ఆడమనిషి చూశానన్నా కోర్టు వినకపోవచ్చు. కానీ మగవాళ్లు ఉండని చోట జరిగే విషయాలకి మినహాయింపు, పురిటి గది అలాంటిదే. అందువల్ల ఈ కేసుల్లో సాక్షులుగా వరసపెట్టి ఆడవాళ్లే వస్తారు, యజమానురాలు, అదే మంచం మీద పక్కన పడుకునే తోటి పనమ్మాయి, మంత్రసాని, పొరుగింటావిడ. నడుం లావైనట్టు అనిపించి అడిగితే జలుబు చేసి ఒళ్లు ఉబ్బిందంది, నీరసం అంది, పక్కగుడ్డల మీద మరకలు చూశాం, ఇలా సాగుతాయి ఆ సాక్ష్యాలు. మిగతా కేసుల్లో నోరెత్తనివ్వని ఆడవాళ్లని ఇంకో ఆడదాన్ని ఉరి తీయించడానికి మాత్రం పిలిచి కూర్చోబెట్టారు. తీర్పు చెప్పేది మాత్రం 15 మంది మగవాళ్లు, అందరూ ఒకే మాట మీద ఉండక్కర్లేదు, ఎనిమిది మంది ఔనంటే చాలు.

ఇసోబెల్ వాకర్ కేసులో ఈ చట్టం పనితీరు మొత్తం బట్టబయలవుతుంది. డంఫ్రీస్ పక్కన ఐరన్‌గ్రే పారిష్‌లో క్లూడెన్ వాగు దగ్గర ఉండేవాళ్లు ఇసోబెల్, ఆమె అక్క హెలెన్. తండ్రి చనిపోయాడు, ఉన్నవాళ్లేం కాదు, కష్టం చేసుకు బతికేవాళ్లు, చెల్లెల్ని పెంచింది హెలెనే అని చెప్తారు. వాగులో పసిబిడ్డ శవం దొరికింది, అనుమానం ఇసోబెల్ మీదకి వెళ్లింది, 1738లో డంఫ్రీస్ సర్క్యూట్ కోర్టులో విచారణ. ముఖ్యమైన సాక్షి అక్కే. లాయర్లు ఆమెకి విషయం అర్థమయ్యేలా చెప్పారు: నీ చెల్లెలు ఎప్పుడైనా నీతో ఈ సంగతి అందని, కాస్త సూచనగా అన్నా సరే, ఒక్క మాట చెప్పు, కేసు ఎగిరిపోతుంది అని. హెలెన్ చెప్పనంది. చెల్లెలు తనతో అనలేదు, అననిదాన్ని అందని బైబిల్ మీద ఒట్టేసి చెప్పలేనంది. ఇసోబెల్‌కి ఉరిశిక్ష పడింది.

తర్వాత తరాల వాళ్లు దీన్ని సత్యం గెలిచిన కథగా చెప్పుకుంటూ వచ్చారు, హెలెన్‌ని హరిశ్చంద్రుడి పక్కన కూర్చోబెట్టేంత పని చేశారు. ఆమె గట్టి మనిషే, అందులో అనుమానం లేదు. కానీ చట్టం వైపు నుంచి చూస్తే ఇక్కడ వేరే ఏదో కనపడుతుంది. హెలెన్ అబద్ధం చెప్పి ఉంటే ఇసోబెల్ చేసిన పని ఒక్క వెంట్రుక వాసి కూడా మారదు, బిడ్డకి ఏం జరిగిందో అదే జరిగింది, అయినా ఆమె నిర్దోషిగా ఇంటికి వెళ్లేది. నిజం చెప్పింది కాబట్టి హంతకురాలైంది. జరిగినదానికి సంబంధం లేకుండా ఎవరో ఒకరి మాట మీద ప్రాణం నిలబడటమో పోవడమో జరిగే చట్టం, ఇంట్లోవాళ్లని అబద్ధం చెప్పమని అడుక్కునే చట్టం. లాయర్లకి ఆ సంగతి తెలుసు, జడ్జీలకీ తెలియకుండా ఉండదు. అదే ఊళ్లో, అదే కోర్టులో అక్క కాస్త మెత్తని మనిషై ఉంటే కేసు ఎటు వెళ్లేదో ఊహించుకోవచ్చు, అలా బయటపడ్డవాళ్ల పేర్లు మనకి తెలిసే అవకాశం తక్కువ.

ఉరికి ముందు కొంత టైం దొరికింది, అది కూడా చట్టం పుణ్యమే. 1725లో వచ్చిన చట్టం ప్రకారం ఫోర్త్ నదికి దక్షిణాన తీర్పు తర్వాత కనీసం 30 రోజులు, ఉత్తరాన 40 రోజులు ఆగాలి, ఈలోగా క్షమాభిక్ష కోసం రాజుకి అర్జీ పెట్టుకోవచ్చు. మ్యాగీని ఉరి తీసింది 1724లో, ఈ గడువు ఆమెకి లేదు. అయితే 1707లో స్కాట్లాండ్, ఇంగ్లండ్ కలిసిపోయి, మరుసటేడు ఎడిన్‌బరోలో రాజు తరఫున పాలన చూసే ప్రివీ కౌన్సిల్ కూడా రద్దయిపోయాక క్షమాభిక్ష అనేది లండన్ చేతుల్లోకి వెళ్లింది. పల్లెటూరి ఆడమనిషికి లండన్లో ఎవరు తెలుసు? హెలెన్ అర్జీ రాయించుకుని కాలినడకన బయలుదేరింది, 500 కిలోమీటర్ల పైనే ఉంటుంది. అక్కడ అప్పట్లో స్కాట్లాండ్ వాళ్లలో పెద్ద పలుకుబడి ఉన్న రెండో ఆర్గైల్ డ్యూక్ జాన్‌ని పట్టుకుంది, ఆయన మాట సాయంతో క్షమాభిక్ష తీసుకుని టైంకి తిరిగొచ్చింది. ఇసోబెల్ బతికింది, తర్వాత ఆ బిడ్డ తండ్రినే పెళ్లి చేసుకుని ఇంగ్లండ్‌లోని వైట్‌హేవెన్‌లో కాపురం పెట్టిందని చెప్తారు. హెలెన్ పెళ్లి చేసుకోలేదు, కోళ్లు పెంచుకుంటూ మేజోళ్లు అల్లుకుంటూ బతికి 1791లో పోయింది.

ఆ తండ్రి అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఇసోబెల్ విచారణ నడిచినంత సేపూ అతను ఎక్కడో బాగానే ఉన్నాడు, ఆ తర్వాత పెళ్లికొడుకూ అయ్యాడు. 1690 చట్టంలో తండ్రి అనే మనిషే లేడు, బిడ్డ తల్లికి తప్ప ఇంకెవరికీ అందులో బాధ్యత రాయలేదు.

కేసు కోర్టుదాకా వచ్చిన ప్రతి ఒక్కరినీ ఉరి తీసేశారా అంటే లేదు. 18వ శతాబ్దం ముందుకు పోయేకొద్దీ ఒక మధ్యే మార్గం వాడుకలోకి వచ్చింది. విచారణ మొదలవకముందే నిందితురాలు నన్ను దేశం నుంచి బహిష్కరించండి అని అర్జీ పెట్టుకుంటుంది, ప్రాసిక్యూషన్ ఒప్పుకుంటుంది, కోర్టు సరే అంటుంది. జూరీ ముందు తలరాత పరీక్షించుకోవడం కన్నా ఇది నయం. అమెరికా వలసల్లోకి పంపేవాళ్లు, తిరిగొస్తే నడిబజార్లో కొరడా దెబ్బలు కొట్టి మళ్లీ ఓడ ఎక్కిస్తారు. పేపర్ మీద ఇది దయ. నిజానికి నేరం రుజువు కాకుండానే జీవితాంతం ఊరు, మనుషులు అన్నీ పోతాయి, నిర్దోషి అయినవాళ్లు కూడా భయంతో అదే అర్జీ పెట్టి ఉంటారు కదా అన్న ప్రశ్నకి అందులో జవాబు దొరకదు. కోర్టుకి మాత్రం సుఖం, ఇష్టంలేని ఉరి వేయక్కర్లేదు, చట్టం మార్చక్కర్లేదు.

డాక్టర్ల వైపు నుంచీ ఈ చట్టానికి పునాది కదిలింది. బిడ్డ ఊపిరి తీసుకుందా లేదా తెలుసుకోవడానికి ఊపిరితిత్తుల్ని నీళ్లలో వేసి తేలుతాయా మునుగుతాయా అని చూసే పరీక్ష ఉండేది, తేలితే ప్రాణంతో పుట్టినట్టు. పుట్టుకతో స్కాట్లాండ్ వాడే, లండన్లో పురుళ్ల డాక్టర్‌గా పెద్ద పేరున్న విలియం హంటర్ దీని మీద ఒక పేపర్ రాశాడు, 1783లో ఆయన చనిపోయాక దాన్ని డాక్టర్ల ముందు చదివి వినిపించారు. శవం కుళ్లడం మొదలైతే గాలి చేరి ఊపిరితిత్తులు ఎలాగూ తేలతాయి, బిడ్డ సగం బయటికొచ్చి ఒక్క శ్వాస పీల్చి పోయినా తేలతాయి, దీన్ని పట్టుకుని ఉరి వేయకండి అన్నాడు. అంతకన్నా ముఖ్యంగా, ఒంటరిగా పురుడు పోసుకునే ఆడమనిషి స్పృహ తప్పి పడిపోతే పక్కన ఎవరూ లేక బిడ్డ దానంతటదే పోవచ్చు, ఆమె చంపాలని అనుకోకపోయినా సరే అని చెప్పాడు. ఆ మాట మంత్రసానులకి అంతకుముందే తెలిసి ఉంటుంది, కానీ వాళ్లని కోర్టుకి పిలిచింది పాలు వచ్చాయా లేదా చెప్పడానికే.

ఇంగ్లండ్ తన చట్టాన్ని 1803లో తీసేసింది, స్కాట్లాండ్‌కి 1809లో మార్పు వచ్చింది. దాచడం, సాయం పిలవకపోవడం, బిడ్డ చనిపోవడమో కనపడకపోవడమో, ఇవన్నీ అలాగే ఉంచి శిక్ష మాత్రం ఉరి నుంచి గరిష్ఠంగా రెండేళ్ల జైలుకి దించారు. హత్య అనాలంటే ఇక ప్రాసిక్యూషన్ హత్యనే రుజువు చేయాలి. మన దగ్గర ఇండియన్ పీనల్ కోడ్ 318, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 94 కూడా ఇలాంటి సెక్షనే, శవాన్ని రహస్యంగా పూడ్చో పారేసో బిడ్డ పుట్టిన సంగతి దాస్తే రెండేళ్ల దాకా జైలు, తేడా ఏంటంటే ఇక్కడ నేరం శవాన్ని మాయం చేయడం దగ్గర మొదలవుతుంది, స్కాట్లాండ్‌లో 1809 తర్వాత కూడా నోరు విప్పకపోవడం దగ్గరే మొదలయ్యేది.